గుడి గోడలెవరివి?

(పట్టణ పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



అమెరికా దేశమున యునైటెడ్ మెథడిస్టు సంఘము అను పేరుగల గొప్ప ప్రొటెస్టంటు సంఘము గలదు. ఆ సంఘమును విడిచి 2019 మొదలు 2023 వరకు 7,600కు పైగా స్థానిక సంఘములు వెడలిపోయినవి. ఆ దేశమున దానికి గల దేవాలయములలో ఇది ఇంచుమించు నాలుగవ వంతు. కత్తి దూయబడలేదు, నెత్తురు చిందలేదు. ఊరూర సభ్యులు తమ గుడిలో కూడి, కొంత ప్రార్థనచేసి, చీటీలు వ్రాసి పెట్టెలో వేసిరి. లెక్క తేలిన పిదప కొందరు ఆనందబాష్పములతోను కొందరు దుఃఖాశ్రువులతోను ఇండ్లకు మరలిరి. ఈ విషయమునే నేడు మీ ముందు విచారింప నెంచితిని.

సముద్రముల కావల క్రైస్తవులు వేరుపడిన మనకేమి యని కొందరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని సంఘములు స్థాపించుట, చందాలు పోగుచేయుట, భవనములు కట్టుట, పిదప అభిప్రాయభేదములచే చీలుట మనకు మాత్రము క్రొత్తయా? బ్రహ్మసమాజము 1866లో ఒకసారి, 1878లో మరియొకసారి చీలినది. 1907లో సూరతున కాంగ్రెసు మహాసభయే చీలినది. మనుష్యులు మనస్సాక్షి గలవారైనంతకాలము చీలికలు తప్పవు. చీలిక వచ్చినప్పుడు ధర్మము తప్పకుండుట యెట్లు అనునదే ప్రశ్న. ఈ ప్రశ్నను మెథడిస్టులు విస్తారముగ, బహిరంగముగ ఎదుర్కొనిరి గనుక వారి అనుభవము మనకు పాఠ్యగ్రంథము వంటిది.

మొదట వివాదమేమో తెలిసికొందము. 1968లో రెండు సంఘములు కలసి యునైటెడ్ మెథడిస్టు సంఘమయ్యెను. 1972లో దాని జనరల్ కాన్ఫరెన్సు, అనగా సర్వాధికారముగల మహాసభ, స్వలింగ సంపర్కము క్రైస్తవ బోధకు విరుద్ధమను వాక్యమును తన శాసనగ్రంథమున చేర్చెను. పిదప అట్టివారికి బోధకపదవి నొసగరాదనియు, స్వలింగ వివాహములు జరుపరాదనియు నిషేధములు వెలసినవి. నాటినుండి దాదాపు అర్ధశతాబ్దము ప్రతి మహాసభయందును ఈ చర్చయే. 2016లో పశ్చిమ మండలమువారు స్వలింగ వివాహము చేసికొనిన కేరెన్ ఒలివెటో అను నామెను బిషప్పుగా నెన్నుకొనిరి. అట్టి అభిషేకము సంఘశాసనమునకు విరుద్ధమని సంఘపు న్యాయసభ 2017లో తీర్పుచెప్పెను. అయినను ఆమె పదవియందే యుండిరి. "శాసనము పుస్తకమున నుండి ఆచరణమున లేనిచో మనమొక సంఘమా?" అని ఒక పక్షమువారు, "శాసనమే అన్యాయమైనప్పుడు దానికి లొంగుట భక్తియా?" అని రెండవ పక్షమువారు వాదించిరి.

ఇది కేవలము వివాహమునుగూర్చిన తగవని తలంచుట పొరపాటు. మూలము ప్రమాణవిచారమునందున్నది. దైవవిషయమును నిర్ణయించుటకు లేఖనము, సంప్రదాయము, తర్కము, అనుభవము అను నాలుగింటిని మెథడిస్టులు గ్రహింతురు. ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి అను నాలుగు మూలములను చెప్పిన మన స్మృతికారుల మార్గము నెరిగినవారికి ఇది వింతగా తోచదు. నాలుగు నొకే దారి చూపినంతకాలము చిక్కులేదు. అనుభవ మొకవైపును, లేఖనపు అక్షరము మరియొకవైపును లాగినప్పుడు దేనికి మ్రొగ్గవలయును? లేఖనమే తక్కిన మూడింటికి ప్రభువని వెడలిపోయినవారు పలికిరి. లేఖనపు హృదయము కరుణయే గనుక అనుభవముచే దాని అర్థమును తెలిసికొనవలెనని నిలిచినవారిలో పెక్కురు పలికిరి. ఉభయులును విశ్వాసులే. ఈ వాదమున తీర్పుచెప్పుట నా పని కాదు. నా వృత్తి న్యాయవాదము. వాదము ముదిరి ఇల్లు పగిలినప్పుడు ఇంటితాళము ఎవరిచేత నుండవలయును అనునదే నా విచారము.

మనదేశమున అన్నదమ్ములు వేరుపడుట నిత్యమును చూచుచున్నాము. మితాక్షర ననుసరించి అవిభక్త కుటుంబపు పిత్రార్జితమునందు కుమారునకు పుట్టుకతోనే హక్కు గలదు. కాబట్టి పంపకమడుగుటకు వానికి అధికారము గలదు. కాని ధర్మాదాయపు ఆస్తి అట్టిది కాదు. గుడి మాన్యమునందు ధర్మకర్తకు గాని అర్చకునకు గాని భక్తునకు గాని వాటా లేదు. వాడు దానిని కాపాడవలసినవాడే కాని పంచుకొనదగినవాడు కాడు. మెథడిస్టు దేవాలయముల ఆస్తియు ఇట్టిదే. 18వ శతాబ్దమున జాన్ వెస్లీ, స్థానిక ధర్మకర్తలు ప్రార్థనామందిరములను తమ యిష్టప్రకారము వశపరచుకొనకుండుటకై, ఒక నమూనా దస్తావేజును తన అనుచరుల కేర్పరచెను. స్థానికులు తమ సొమ్ముతో కట్టుకొనిన మందిరమైనను యావత్సంఘము కొరకే ధర్మకర్తలచేత నుంచబడినదని దాని తాత్పర్యము. అమెరికాలోని ట్రస్టు షరతు ఆ చెట్టు కొమ్మయే. అందుచే స్థానిక సంఘము విడిచిపోవచ్చును గాని గోడలను వెంట తీసికొనిపోజాలదు. ఇది పాత నియమము.

ఇట్టి తగవులందు న్యాయస్థానములు మూడు విధములుగ తీర్పుచెప్పినవి. ఈ మూడును తెలిసికొనదగినవి.

మొదటిది స్కాట్లండు కథ. పల్లె గుడికి పాదిరీని నియమించు హక్కు భూస్వామికా, భక్తజనులకా అను వివాదమున 1843 మే 18వ తేదీని ఎడింబరో నగరమున సర్వసభనుండి పాదిరీలు లేచి వెలుపలికి నడచిరి. థామస్ చామర్సు వారి అధ్యక్షుడు. సుమారు 1,200 మంది పాదిరీలలో 470 మందికి పైగా జీతములను, ఇండ్లను, గుళ్లను వదలుకొనిరి. గోడలకొరకు వారు పోరాడలేదు. కొందరు భూస్వాములు వారికి స్థలమిచ్చుటకును నిరాకరించిరి. స్ట్రోంషియన్ అనుచోట నేలమీద చోటులేక నీటిపై తేలు గుడిని కట్టించి దానియందు ప్రార్థన చేసిరి! త్యాగమన అది. కాని కథ అంతటితో ముగియలేదు. అట్లు పుట్టిన ఫ్రీ చర్చి 1900లో మరియొక సంఘముతో కలసినప్పుడు స్వల్పసంఖ్యాకులు కలియక నిలిచి దావా వేసిరి. 1904లో ప్రభువుల సభ, స్థాపకుల మూలసిద్ధాంతమును విడువనివారిదే ఆస్తియని ఆ కొద్దిమందికే సర్వమును ఇచ్చెను. వందలకొలది గుళ్లను, కళాశాలలను నడుపు శక్తి వారికి లేదు. తుదకు పార్లమెంటు 1905లో శాసనముచేసి ఆస్తిని పంచవలసివచ్చెను. న్యాయము గెలిచి ధర్మము చిక్కుపడినది.

రెండవది అమెరికా సుప్రీముకోర్టున 1871 టర్మునకు చెందిన వాట్సన్-జోన్సు వ్యాజ్యము. అంతర్యుద్ధానంతరము కెంటకీ రాష్ట్రపు లూయివిల్ నగరమున ఒక ప్రెస్బిటీరియన్ గుడి బానిసత్వ విషయమై రెండుగా చీలినది. మతసిద్ధాంతమునకు అర్థము చెప్పుట సివిలు కోర్టు పనికాదనియు, సంఘపు పైసభ ఏ పక్షమును అంగీకరించునో ఆస్తి వారిదేయనియు న్యాయమూర్తులు తీర్మానించిరి. మూడవది 1979 నాటి జోన్సు-వుల్ఫు వ్యాజ్యము. మతము జోలికి పోక దస్తావేజులను, సంఘనిబంధనలను, శాసనములను సామాన్యమైన కాగితములవలె చదివి తీర్పుచెప్పవచ్చునని అందు నిర్ణయింపబడెను. తగవు పుట్టకముందే మీ నిబంధనలయందు స్పష్టముగ వ్రాసికొనుడని ఆ తీర్పు సంఘములకు బోధించెను. ఎపిస్కోపల్ సంఘమువారు ఆ సంవత్సరముననే తమ నిబంధనలయందు ట్రస్టు షరతును చేర్చుకొనిరి.

మూలసిద్ధాంతము, పైసభ మాట, కాగితపు మాట: ఇవి మూడు త్రాసులు. మూటియందును సత్యమున్నది, ఏదియు తనంతట చాలినది కాదు.

మరల మెథడిస్టుల కడకు వత్తము. 2019 ఫిబ్రవరిలో సెంట్ లూయీ నగరమున వారి ప్రత్యేక మహాసభ కూడినది. పాత నిషేధములను బిగించు తీర్మానము 438కి 384 వోట్లతో నెగ్గినది. ఆఫ్రికా, ఫిలిప్పీన్సు ప్రతినిధులలో పెక్కురు దానికి తోడ్పడిరి. ఆ సభయందే 2553 అను సంఖ్యగల క్రొత్త నిబంధన యేర్పడినది. మనస్సాక్షి కారణమున విడిపోదలచిన స్థానిక సంఘము తన ఆస్తితోనే విడిపోవచ్చును. షరతులివి: సభకు వచ్చిన సభ్యులలో మూడింట రెండువంతులు అంగీకరింపవలయును, పిదప ప్రాంతీయసభ ఒప్పుకొనవలయును, సంఘమునకు చెల్లింపవలసిన వంతును రెండేండ్లది, వృద్ధబోధకుల పింఛను బాధ్యతలో తన భాగమును చెల్లింపవలయును. 2023 డిసెంబరు 31తో ఈ ద్వారము మూయబడెను.

ఇందొక వింత గలదు. వోట్లలో గెలిచినవారే వెడలిపోయిరి! తీర్మానము నెగ్గినను అమెరికాలోని పెక్కు ప్రాంతములు దానిని పాటింపబోమని బాహాటముగ ప్రకటించినవి. శాసనము కాగితముమీద గెలిచి ఆచారమున నోడెను. మధ్యస్థులు 2020 జనవరిలో ఒక రాజీపత్రమును వ్రాసిరి. కెన్నెత్ ఫైన్‌బర్గు అను ప్రసిద్ధ న్యాయవాది మధ్యవర్తి. వెడలిపోవు సంప్రదాయవాదులకు రెండున్నర కోట్ల డాలరు లిచ్చి సామరస్యముగ సాగనంపవలెనని అందలి యేర్పాటు. కాని కోవిడ్ వ్యాధిచే మహాసభ 2020 నుండి 2024 వరకు వాయిదాపడెను. రాజీ వోటునకే రాలేదు. మిగిలినది 2553 ఒక్కటే. సంప్రదాయవాదులు 2022 మే 1వ తేదీని గ్లోబల్ మెథడిస్టు సంఘమును స్థాపించిరి. విడిచినవారిలో పెక్కురు దానిలో చేరిరి; కొందరు స్వతంత్రులై యున్నారు.

ద్వారము తెరిచియున్నను దాటుట యంతటను సుగమము కాలేదు. ఉత్తర జార్జియా ప్రాంతీయసభ 2022 డిసెంబరులో వోటు ప్రక్రియను నిలిపివేసెను. సభ్యులకు తప్పుడు సమాచారము చెప్పబడుచున్నదని దాని వాదము. దాదాపు రెండువందల స్థానిక సంఘములు కోర్టు కెక్కినవి. వోటు జరుపవలసినదేయని 2023లో న్యాయస్థానము ఉత్తరువిచ్చెను. వాగ్దానముచేసి గడియ వేయుట ఏ సంఘమునకును శోభింపదు.

అంతకంటె బరువైన దోషమొకటి నాకు కనబడుచున్నది. ఒక సంఘపు పట్టికలో 300 మంది సభ్యులున్నారనుకొనుడు. వోటు దినమున 90 మంది వచ్చిరి. అరువదిమంది సరేయనిరి. నియమము నెరవేరినది; గుడి వెడలిపోయినది. కాదన్న ముప్పదిమంది గతియేమి? రాలేకపోయిన వృద్ధుల గతియేమి? తాత కాలమున గోడకు రాయి మోసి, తల్లిదండ్రుల నాప్రక్కనే పూడ్చిన ముదుసలి ఒక సాయంకాలపు వోటుచే తన గుడియందే పరాయిది కావలసినదేనా? ఈ నిబంధన విడిచిపోవు సంఘమునకు మార్గము చూపెను గాని, విడిచిపోవు సంఘమునందు నిలువగోరిన వ్యక్తికి ఏమియు చూపలేదు. తరువాత కొన్ని ప్రాంతములందు దీపస్తంభ సంఘములు అను పేర కొన్ని గుళ్లు అట్టి నిరాశ్రయులను చేర్చుకొనినవి. అది దయ; హక్కు కాదు. దయ గొప్పదే, కాని హక్కు వ్రాయవలసినచోట దయకు వదలుట శాసనకర్తల లోపము.

2024 ఏప్రిలు, మే మాసములలో షార్లట్ నగరమున మహాసభ కూడినప్పుడు సంప్రదాయవాదులలో పెక్కురు అప్పటికే లేరు. బోధకపదవికి గల నిషేధము 692కి 51 వోట్లతో తీసివేయబడెను. 1972 నాటి వాక్యము 523కి 161 వోట్లతో కొట్టివేయబడెను. ఆ నెలయందే పదిలక్షలకు పైబడిన సభ్యులుగల ఐవరీ కోస్టు సంఘము విడిపోవ నిశ్చయించెను. ఒక ఖండమువారి మనస్సాక్షి మరియొక ఖండమునకు శాసనమగుట ఎంత దుర్ఘటమో ఇందు తేటపడుచున్నది. ఆ సభయందే ఒక్కొక్క ప్రాంతము తన ఆచారములను తానే నిర్ణయించుకొను ఏర్పాటు కూడ ఆమోదింపబడెను. స్వపరిపాలనమునకై పాటుపడిన జాతివారమైన మనకు ఈ నీతి నెవరు బోధింపవలయును?

విడిపోవుట పాపమని తలంచువారు మనలో కలరు. విడిపోవుటయే వీరత్వమని తలంచువారును కలరు. ఉభయులకు మెథడిస్టుల పూర్వచరిత్ర సమాధానము చెప్పును. ఫిలడెల్ఫియా నగరమున తెల్లవారి గుడిలో అవమానము పొందిన నీగ్రో భక్తులు రిచర్డు ఆలెన్ నాయకత్వమున వెడలి 1794లో బేతేలు మందిరమును ప్రతిష్ఠించుకొనిరి. ఆ మందిరముపై తెల్లవారు అధికారము చెప్పగా వ్యాజ్యమై 1816లో పెన్సిల్వేనియా న్యాయస్థానము నల్లవారికే జయమిచ్చెను. అది ఆత్మగౌరవము కొరకు విడిపోవుట. 1844లో జార్జియా బిషప్పు ఆండ్రూ బానిసల యజమానుడై యుండుటను మహాసభ నిరసింపగా, మరుసటి యేడు దక్షిణ రాష్ట్రముల మెథడిస్టులు వేరుపడిరి. వారును మనస్సాక్షి పేరే చెప్పిరి! ఆస్తిలో వాటాకై వారు వేసిన దావాను 1854లో సుప్రీముకోర్టు వారి పక్షముననే తీర్చెను. ఆ చీలిక 1939లో గాని మానలేదు. మానినప్పుడును నీగ్రో సంఘములను ప్రత్యేక మండలమున వేరుగ నుంచిరి. 1968లో గాని ఆ కళంకము తొలగలేదు. కాబట్టి విడిపోయినవారు విడిపోయిరి గనుకనే సత్యవంతులు కారు. నిలిచినవారు నిలిచిరి గనుకనే సత్యవంతులు కారు. దేనికొరకు విడిపోయిరి, ఎట్లు విడిపోయిరి అను రెండు ప్రశ్నలును అడుగవలసినదే.

మన దేశపు అనుభవమును స్మరింతము. 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసున దక్షిణ ఇండియా సంఘము స్థాపింపబడెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుమున్నే ఏకమైన ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘములవారు అందు కలసిరి. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1919లో తరంగంబాడి సమావేశము నాటినుండి ఈ ఐక్యతకై పాటుపడి, దానిని చూడకయే 1945లో కన్నుమూసిరి. ఆ ఐక్యసంఘపు నిబంధనలందొక ప్రతిజ్ఞ గలదు: ఏ స్థానిక సంఘమునకును అలవాటు లేని ఆరాధనను గాని, మనస్సాక్షి కొప్పని బోధకుని గాని బలవంతముగ రుద్దమని. కలియుచున్న దినముననే భేదములకు చోటువిడిచి వ్రాసిన ప్రతిజ్ఞ యిది! అయినను మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో కొందరు 1947లో అందు చేరక వెలుపల నిలిచిరి. వారిని ఎవ్వరును బలవంతపెట్టలేదు. కాలక్రమమున వారిలో పెక్కురు తామే చేరిరి. తొందరపెట్టి కట్టిన ముడి తెగును. ఓపికతో వేచిన ముడి నిలుచును.

సోదరులారా! మనకును గ్రంథాలయములు, అనాథాశ్రమములు, సేవాసంఘములు, కులసంఘముల వసతిగృహములు, ఎన్నో కలవు. వాని నిబంధనలను తెరచి చూచితిరా? అధ్యక్షుడెవరు, కార్యదర్శి యెవరు, చందా యెంత అని వ్రాసియుందురు. చీలిక వచ్చినప్పుడేమి అని వ్రాసినవారరుదు. పెండ్లినాడు మనోవర్తి మాట యేల యని మనవారందురు. ఆ సంకోచమే కోర్టులను పోషించుచున్నది. మా వృత్తివారికి అది లాభమే, దేశమునకు నష్టము.

కాబట్టి నాలుగు మాటలు విన్నవింతును. మొదటిది, సంఘము ఏ యుద్దేశముతో పుట్టినదో, ఆస్తి ఎవరికొరకున్నదో దస్తావేజున తేటతెల్లముగ వ్రాయుడు. దాత చనిపోయిన పిదప వాని నోట మాట పుట్టదు. రెండవది, విడిపోవు మార్గమును స్నేహముగ నున్న దినముననే వ్రాయుడు. అది ఉభయపక్షములకును సమానముగ నుండవలయును; ఒక పక్షపు ఫిర్యాదునకు మాత్రమే తెరచి, ఒక తేదీనాడు మూసివేయు ద్వారము ద్వారము కాదు. మూడవది, వచ్చినవారి లెక్కతో గాక పట్టికయందున్నవారి లెక్కతో వోటు తీయుడు. వృద్ధులకును దూరమున నున్నవారికిని ముందుగ తెలియజేయుడు. నాలుగవది, ఓడినవారికి చోటు వ్రాయుడు. వారు గ్రంథాలయమున చదువుటకు, శ్మశానమున తమవారిని పూడ్చుటకు, గుడిలో దీపము పెట్టుటకు హక్కు కోల్పోరాదు. గెలిచినవారికి చట్టముతో అంతగ పనిలేదు. చట్టము ఓడినవారికే వలయును.

గ్లోబల్ మెథడిస్టు సంఘమువారు ట్రస్టు షరతునే తీసివేసిరి. ఆ సంఘమున ఏ గుడి ఆస్తి ఆ గుడిదే. విడిపోవుటచే కలిగిన గాయము వారికి నేర్పిన పాఠమది. అది స్వేచ్ఛయే. కాని వెస్లీ భయపడిన కీడు, అనగా పదిమంది స్థానికపెద్దలు గుడిని తమ సొత్తుగ చేసికొనుట, దానికిక అడ్డేది? ఒక తరము మూసిన తలుపును మరియొక తరము తెరచును. రెండవ తరము తెరచినదానిలో మూడవ తరమునకు క్రొత్త గాలితోపాటు క్రొత్త దొంగయు ప్రవేశింపవచ్చును. నిబంధన ఎంత మంచిదైనను దానిని నడుపు మనుష్యులు నమ్మకస్థులు కానిచో నిలువదు.

మనస్సాక్షిని బంధించు గోడ యే సంఘమునకును బలము కాదు. గోడలకొరకు మనస్సాక్షిని చంపుకొని లోపల నిలిచినవాడును, గోడలకొరకే మనస్సాక్షి పేరు చెప్పి వెడలినవాడును సంఘమున కొక్కటే నష్టము. పోవువానిని ద్రోహి యనకుడు. నిలుచువానిని పిరికి యనకుడు. లెక్కలు సరిచూచి, బాకీలు తీర్చి, చేతులు జోడించి సెలవు తీసికొనగలిగిన జాతియే తిరిగి కలియగలదు.